సరిహద్దు దాటిన పట్టా: భారతీయ నర్సుల విదేశీ ఉద్యోగావకాశాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

స్వదేశంలో శిక్షణ పొందిన నర్సుకు పరదేశంలో ఉద్యోగం దొరకడం ఆమె నైపుణ్యాన్ని బట్టి ఉంటుందని సాధారణంగా భావిస్తారు. చరిత్రను పరిశీలిస్తే విషయం అంత సరళంగా కనిపించదు. పట్టాను గుర్తించే మండలి, దేశంలోకి రానిచ్చే వీసా, ఆమెను పంపే మధ్యవర్తి అనే మూడు అధికారాలు మూడు వేర్వేరు చేతుల్లో ఉన్నాయి. ఈ మూడూ ఒకే కాలంలో అనుకూలించిన సందర్భాలు అరుదు. వలసపాలన కాలం నుంచి నేటి వరకు ఈ మూడింటి గమనాన్ని, వాటి మధ్య భారతీయ నర్సు, అందులోనూ తెలుగు ప్రాంతపు నర్సు మోసిన నష్టభారాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: నర్సింగ్ చరిత్ర, వృత్తివలస, అర్హతా గుర్తింపు, వీసా విధానం, మిషన్ ఆసుపత్రులు, గల్ఫ్ వలస, స్త్రీశ్రమ.

1. ఉపోద్ఘాతం:

వలస చరిత్రను రాసినవారు చాలాకాలం పురుషుడినే వలసదారుగా చూశారు. మారిషస్, ఫిజీ, నాటాల్ తోటలకు వెళ్ళిన ఒప్పందకూలీల గురించి, బర్మా బియ్యపు మిల్లుల్లో పనిచేసిన తెలుగు కూలీల గురించి రాసిన చరిత్రల్లో స్త్రీ ఎక్కువగా భర్త వెంట వెళ్ళిన మనిషిగానే కనిపిస్తుంది. నర్సుల వలస ఈ చట్రాన్ని తలకిందులు చేసింది. ఇక్కడ ముందు వెళ్ళింది స్త్రీ. భర్త ఆమె వీసా మీద ఆశ్రితుడిగా తర్వాత చేరాడు. అమెరికాలోని కేరళ నర్సుల కుటుంబాలపై షీబా జార్జ్ 2005లో వెలువరించిన అధ్యయనం ఈ తారుమారు వల్ల ఇంటిలోనూ చర్చిలోనూ ఏర్పడిన ఘర్షణలను వివరంగా నమోదు చేసింది. మడలీన్ హీలీ 2013లో ప్రచురించిన గ్రంథం భారతీయ నర్సింగ్‌కూ రాజ్యానికీ మధ్య నూరేళ్ళ సంబంధాన్ని పరిశీలించింది. గల్ఫ్ నర్సులపై మేరీ పెర్కో, వృత్తి హోదాపై శ్రీలేఖా నాయర్ చేసిన కృషి కూడా ఈ రంగంలో ముఖ్యమైనదే. ఈ అధ్యయనాల దృష్టి సహజంగానే కేరళపై నిలిచింది. వెళ్ళినవారిలో ఎక్కువమంది అక్కడివారు కావడమే అందుకు కారణం. అయితే తెలుగు ప్రాంతాన్ని కేరళకు ఆలస్యంగా వచ్చిన అనుకరణగా మాత్రమే చూడటం సరికాదు.

2. మిషన్ వార్డు నుంచి మండలి దాకా:

మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1871లో ఆరంభమైన శిక్షణను దక్షిణాదిలో క్రమబద్ధమైన నర్సింగ్ విద్యకు మొదలుగా చెబుతారు. తెలుగు జిల్లాల్లో మాత్రం ఈ విద్య ప్రభుత్వం కంటే మిషన్ల ద్వారానే ఎక్కువగా వేళ్ళూనింది. లూథరన్ మిషన్ పక్షాన 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కృషితో 1898లో అక్కడ స్త్రీల ఆసుపత్రి వెలిసింది. తెలుగు ప్రాంతపు సరిహద్దున ఉన్న వేలూరులో ఐడా స్కడర్ నెలకొల్పిన సంస్థ 1909లో నర్సుల పాఠశాలను ప్రారంభించింది. 1946లో ఢిల్లీ కళాశాలతో పాటు దేశంలో నర్సింగ్ పట్టభద్ర విద్యకు నాంది పలికింది కూడా ఆ సంస్థే.

ఈ శిక్షణకు వచ్చిందెవరన్నది కీలకమైన ప్రశ్న. పరాయి మనిషి శరీరాన్ని తాకడం, మలమూత్రాలు ఎత్తడం, రాత్రివేళ ఇంటికి దూరంగా పురుషుల మధ్య పనిచేయడం ఈ వృత్తిలో భాగాలు. అగ్రవర్ణ కుటుంబాలు వీటిలో మైలను, పరువునష్టాన్ని చూశాయి. అందువల్ల మిషన్ ఆసుపత్రుల వార్డుల్లో ఆంగ్లో ఇండియన్, క్రైస్తవ యువతులు ఎక్కువగా కనిపించారు. కృష్ణా, గుంటూరు, నెల్లూరు మండలాల్లో క్రైస్తవులైనవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందినవారు కావడంతో తెలుగు నర్సు సామాజిక నేపథ్యం కేరళ సిరియన్ క్రైస్తవ నర్సు నేపథ్యానికి భిన్నంగా రూపొందింది. భూమి, చర్చి బంధుత్వాలు, విదేశంలో ముందే స్థిరపడిన మేనత్తలు కేరళ నర్సుకు అండగా నిలిచిన సందర్భాలు అనేకం. ఆ పెట్టుబడి తెలుగు దళిత క్రైస్తవ యువతికి సాధారణంగా లేదు. ఆమెకు మిషన్ చదువే ఆస్తి. కేరళ ముందూ తెలుగునేల వెనుకా ఉండటానికి సాహసంలోని తేడా కారణమని అనుకోవడం కంటే, దారిఖర్చు ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న వేయడం సముచితం. నేటికీ మన ఆసుపత్రుల్లో నర్సును 'సిస్టర్' అని పిలవడంలో బ్రిటిష్ వార్డు హోదా, క్రైస్తవ సన్యాసిని రూపం రెండూ కలిసి ఉన్నాయి. ఆ పిలుపులో గౌరవం ఉన్నంతగా జీతం గురించిన ఆలోచన లేదు.

అర్హతా గుర్తింపు సమస్య కూడా ఈ కాలంలోనే పుట్టింది. బ్రిటన్‌లో 1919 నాటి చట్టం నర్సుల రిజిస్ట్రేషన్‌ను ఏర్పరచి, సామ్రాజ్యంలోని ఇతర ప్రాంతాల శిక్షణను పరస్పర ప్రాతిపదికన గుర్తించే వీలు కల్పించింది. మద్రాసు రాష్ట్రం 1926లో తన నర్సులు, మంత్రసానుల చట్టాన్ని చేసుకుంది. కానీ రిజిస్ట్రేషన్ రాష్ట్రానికొక తీరుగా ఉన్నంతకాలం, దేశమంతటి తరఫున మాట్లాడగల మండలి లేకపోవడం పరస్పర గుర్తింపుకు అడ్డంకి అయింది. 1908లో ఏర్పడిన ట్రైన్డ్ నర్సెస్ అసోసియేషన్ అఖిల భారత మండలిని కోరుకోవడంలో ఈ అంతర్జాతీయ గుర్తింపు ఆకాంక్ష ఉంది. 1947 చివర భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చింది. దేశవ్యాప్తంగా ఏకరీతి శిక్షణా ప్రమాణాలు నెలకొల్పడం దాని ఉద్దేశం. అంతకు ముందు ఏడాది భోర్ కమిటీ సమర్పించిన నివేదిక దేశం మొత్తానికి సుమారు 7,000 మంది నర్సులు, అంటే 43,000 మంది జనాభాకు ఒక్కరు ఉన్నట్లు లెక్కతేల్చింది. దేశంలో తీవ్రమైన కొరత, విదేశంలో చెల్లే పట్టాకోసం తపన ఒకే కాలంలో పక్కపక్కనే పుట్టాయి. ఆ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి ఆలోచించే పనిని ఏ ప్రభుత్వమూ ఆనాడు తలకెత్తుకోలేదు.

3. రెండో తరగతి గుర్తింపు:

1948లో జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభించిన బ్రిటన్‌కు వార్డులను నింపే చేతులు కావలసి వచ్చాయి. కరీబియన్ దీవుల నుంచి, ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి యువతులను శిక్షణార్థులుగా రప్పించారు. అక్కడ రెండు రకాల అర్హతలు ఉండేవి. మూడేళ్ళ శిక్షణతో వచ్చే 'రిజిస్టర్డ్' హోదా ఒకటి. 1943 చట్టంతో అమలులోకి వచ్చిన 'ఎన్‌రోల్డ్' హోదా, అంటే రెండేళ్ళ చిన్న శిక్షణతో వచ్చేది మరొకటి. వలస వచ్చిన యువతుల్లో అధికులను రెండో దానివైపు మళ్ళించారు. ఆ తేడా చేరిన తర్వాతగానీ చాలామందికి తెలియలేదు. ఎన్‌రోల్డ్ అర్హతకు పదోన్నతి లేదు. స్వదేశాలకు తిరిగి వెళితే దానికి విలువా లేదు. శిక్షణ పేరుతో చౌకశ్రమ సేకరణ జరిగిందన్న విమర్శకు ఇదే ఆధారం.

పశ్చిమ జర్మనీ అనుభవం కొంత భిన్నం. 1960 దశకం ఆరంభం నుంచి క్యాథలిక్ చర్చి సంబంధాల ద్వారా కేరళకు చెందిన వేలాది యువతులు అక్కడి ఆసుపత్రులకు వెళ్ళారు. వారిలో చాలామంది ఇంకా ఇరవై నిండనివారు. అక్కడే శిక్షణ పొందినందున పట్టా చిక్కు వారికి అంతగా ఎదురుకాలేదు. చిక్కు వీసాతో వచ్చింది. 1970 దశకంలో ఆర్థిక మాంద్యం తర్వాత పలువురి అనుమతులు పొడిగించలేదు. జర్మన్ పట్టాతో, జర్మన్ భాషతో తిరిగి వచ్చినవారికి స్వదేశంలో ఆ రెండూ పెద్దగా అక్కరకు రాలేదు.

4. అమెరికా – తెరుచుకుంటూ మూసుకునే తలుపు:

అమెరికా 1948 చట్టం ద్వారా చేపట్టిన ఎక్స్ఛేంజ్ విజిటర్ కార్యక్రమం విదేశీ నర్సులకు రెండేళ్ళ అనుభవం పొందే అవకాశంగా ప్రచారమైంది. దాన్ని ఎక్కువగా వినియోగించుకున్నవారు ఫిలిప్పీన్స్ నర్సులు. అమెరికన్ పాలనలో అమెరికన్ పాఠ్యక్రమంతో ఇంగ్లీషులో చదివినందువల్ల వారి పట్టా అక్కడ అపరిచితం కాలేదు. ఆసుపత్రులు వారిని పూర్తి నర్సు చేసే పనికి నియమించి, చిన్నపాటి భృతి మాత్రమే ఇచ్చిన తీరును కేథరిన్ సెనిజా చోయ్ 2003 నాటి గ్రంథంలో వివరించారు. 1965 వలసచట్టం జాతీయ కోటాలను తొలగించి వృత్తినిపుణులకు ప్రాధాన్యమిచ్చాక భారతీయ నర్సుకూ శాశ్వత నివాసం అందుబాటులోకి వచ్చింది.

ఆ తర్వాత జరిగినది ఈ చరిత్రలో అత్యంత బోధకమైన ఘట్టం. వీసా ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. వృత్తి లైసెన్సు ఇచ్చేది ఆయా రాష్ట్రాల మండలి. ఒకటి ఇచ్చిన అనుమతితో రెండోదానికి సంబంధం లేదు. నర్సు అన్న అర్హతతోనే వీసా పొంది దిగిన స్త్రీ, రాష్ట్ర లైసెన్సు పరీక్షలో తప్పితే నర్సుగా పనిచేయలేదు. 1970 దశకం తొలి సంవత్సరాల్లో విదేశీ శిక్షితుల్లో అత్యధికులు ఆ పరీక్షలో తప్పారు. తప్పినవారు వెనుకకు రాలేదు. చేసిన అప్పు రానివ్వలేదు. సహాయకులుగా, ఆయాలుగా తక్కువ జీతానికి అవే వార్డుల్లో అవే పనులు చేశారు. ఆసుపత్రికి ఇందులో నష్టం లేదు.

దీనికి పరిష్కారంగా 1977లో విదేశీ నర్సింగ్ పాఠశాలల పట్టభద్రుల కోసం సిజిఎఫ్‌ఎన్‌ఎస్ అనే సంస్థ ఏర్పడింది. అభ్యర్థి స్వదేశంలో ఉండగానే పత్రాలు పరిశీలించి, ముందస్తు పరీక్ష పెట్టడం దాని విధి. వలస వచ్చాక విఫలమయ్యే దుస్థితిని అది చాలావరకు తగ్గించిందన్నది నిజం. అదే సమయంలో వైఫల్యపు ఖర్చు అమెరికా గడ్డ నుంచి అభ్యర్థి ఇంటికి మారిందన్నదీ నిజమే. పరీక్షరుసుము, పత్రాల ధ్రువీకరణ, ఇంగ్లీషు పరీక్ష, కోచింగ్ అన్నీ ఇక ఆమె కుటుంబం పెట్టుకోవలసినవే. 1996 వలసచట్టం ఆరోగ్యవృత్తుల వారికి మరో ధ్రువపత్రాన్ని తప్పనిసరి చేసింది.

వీసాల చరిత్ర మరింత అస్థిరం. 1989లో నర్సుల కోసమే హెచ్-1ఎ అనే ప్రత్యేక తాత్కాలిక వీసా ఏర్పడింది. 1995లో అది ముగిసింది. 1999లో వెనుకబడిన ప్రాంతాల ఆసుపత్రుల కోసం హెచ్-1సి వచ్చింది. ఏడాదికి కేవలం 500. 2005లో అమెరికా కాంగ్రెసు వాడకుండా మిగిలిన 50,000 శాశ్వత నివాస వీసాలను నర్సులు మొదలైనవారికి కేటాయించింది. రెండేళ్ళు తిరగకముందే అవి అయిపోయాయి. ఈ స్వల్పకాలపు ఉధృతిలోనే ఎన్‌క్లెక్స్ పరీక్షను అమెరికా వెలుపల రాసే ఏర్పాటు జరిగింది. భారతదేశంలోని పరీక్షాకేంద్రాల్లో హైదరాబాదుకూ చోటు దక్కింది. తెలుగు రాష్ట్రంలో ప్రైవేటు నర్సింగ్ కళాశాలలు వేగంగా పెరిగిన కాలమూ ఇదే.

ఇక్కడ కాలవ్యవధుల పొంతన గమనించదగినది. నర్సింగ్ పట్టాకు నాలుగేళ్ళు. ఆపై అనుభవం, పరీక్షలు కలిపి మరో రెండు మూడేళ్ళు. అంటే 2005లో తలుపు తెరుచుకున్నదని విని కళాశాలలో చేరిన అమ్మాయి అర్హత సంపాదించేసరికి 2011 దాటుతుంది. అప్పటికి ఏ దేశానికైనా వార్షిక వీసాల్లో 7 శాతానికి మించకూడదన్న నియమం వల్ల భారతీయుల నిరీక్షణ పదేళ్ళ దిశగా సాగుతోంది. అవకాశపు వార్త విని పంట వేసి, కోత నాటికి ధర పడిపోవడం తెలుగు రైతుకు కొత్త కాదు. నర్సు కుటుంబానిది అదే లెక్క. పంట మాత్రం మనిషి యౌవనం.

5. నాలుగు రాష్ట్రాల నిషేధం:

తెలుగు ప్రాంతానికి నేరుగా తగిలిన ఒక విధానం గురించి ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావించాలి. 1990 దశకం చివర బ్రిటన్ ఆరోగ్యసేవ మళ్ళీ విదేశీ నర్సుల కోసం వెతికింది. దక్షిణాఫ్రికా నర్సులను తరలించుకుపోవడంపై 1997లో నెల్సన్ మండేలా అభ్యంతరం తెలిపారు. దాని పర్యవసానంగా బ్రిటన్ 1999లో మార్గదర్శకాలను, 2001లో నైతిక నియామక నియమావళిని ప్రకటించింది. 2004లో దాని పరిధి విస్తరించింది. అభివృద్ధి చెందుతున్న దేశాల నుంచి, ఆయా ప్రభుత్వాల అంగీకారం లేకుండా నర్సులను చురుకుగా నియమించరాదన్నది దాని సారాంశం.

భారతదేశం విషయంలో భారత ప్రభుత్వం నియామకానికి అంగీకరించింది. అయితే బ్రిటిష్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ సహాయం పొందుతున్న నాలుగు రాష్ట్రాలను మినహాయించారు. అవి ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒరిస్సా, పశ్చిమ బెంగాల్. విద్యుత్ సంస్కరణలకు, గ్రామీణ జీవనోపాధి పథకానికి బ్రిటిష్ నిధులు తీసుకుంటున్నందువల్ల, గుంటూరులోనో ఖమ్మంలోనో చదువుకున్న నర్సు బ్రిటిష్ ప్రభుత్వ ఆసుపత్రుల చురుకైన నియామకానికి వెలుపల నిలిచింది. కేరళ ఆ జాబితాలో లేదు. వ్యక్తిగతంగా దరఖాస్తు చేసుకునే హక్కు నియమావళి ప్రకారం ఎవరికైనా ఉంది. కానీ విమాన ఖర్చు భరించి, ఇంటర్వ్యూకు వేదిక ఏర్పాటు చేసి, భాషాపరీక్షకు తోడ్పడే సంస్థాగత నియామకం వేరు, సొంత ఖర్చుతో ఏజెంటు ద్వారా వెళ్ళడం వేరు. చేతిలో ఏమీ లేని కుటుంబానికి ఆ రెండింటి మధ్య దూరం సముద్రమంత.

నియమావళి వెనుక ఉన్న నైతిక ఆందోళన నిరాధారం కాదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల్లో సిబ్బంది కొరత నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 నివేదికలో ఆరోగ్య సిబ్బంది సంక్షోభం ఎదుర్కొంటున్న 57 దేశాల్లో భారత్ ఒకటి. కానీ దేశంలో ఖాళీలు ఉండటానికీ నర్సు విదేశానికి వెళ్ళడానికీ ఉన్న సంబంధం నియమావళి ఊహించినంత సూటిగా లేదు. ప్రభుత్వం పోస్టులు భర్తీ చేయక, ప్రైవేటు ఆసుపత్రి నామమాత్రపు జీతమిచ్చి, బాండు రాయించుకుని అసలు సర్టిఫికెట్లు తన దగ్గర ఉంచుకున్న పరిస్థితిలో నర్సును దేశంలో ఆపడం వల్ల గ్రామానికి నర్సు దొరకదు. 2011, 2012 సంవత్సరాల్లో ముంబయి, ఢిల్లీ, కేరళ నగరాల్లోని ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల సమ్మెలు ఈ రెండు అంశాలపైనే జరిగాయి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు కేంద్రం నియమించిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో సైతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా, 200 పడకలు మించిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఉండాలని సిఫారసు చేసింది. సిఫారసును చట్టంగా మార్చే భారం మాత్రం రాష్ట్రాలపై వదిలేశారు.

అభ్యంతరం ఎగుమతి మీద ఉన్నంతగా దిగుమతి మీద స్థిరంగా లేదనడానికి బ్రిటన్ సొంత వ్యవహారమే నిదర్శనం. 2006లో సాధారణ స్థాయి నర్సులను కొరత వృత్తుల జాబితా నుంచి తొలగించింది. 2015లో మళ్ళీ చేర్చింది. 2020లో ఆరోగ్య సిబ్బందికి ప్రత్యేక వీసా ప్రవేశపెట్టింది. 2022లో భారత్‌తో నర్సుల నియామకంపై ఒప్పందం చేసుకుంది.

6. గల్ఫ్ దారి, మధ్యవర్తి రాజ్యం:

1973 తర్వాత చమురు ధనంతో వెలిసిన గల్ఫ్ ఆసుపత్రులకు పరాయి పట్టాల పట్ల పట్టింపు తక్కువ. శాశ్వత నివాసం ఇవ్వని దేశాలు కావడంతో పత్రాల విషయంలో కొంత ఉదారంగా ఉన్నాయనవచ్చు. కేరళ నర్సులు గల్ఫ్‌ను మజిలీగా మలచుకుని, అక్కడి సంపాదనతో, అనుభవంతో పశ్చిమదేశాల పరీక్షలకు సిద్ధమైన క్రమాన్ని పెర్కో నమోదు చేశారు.

ఈ దారిలో నిర్ణాయకశక్తి మధ్యవర్తిది. 1983 వలస చట్టం కింద 2009లో సవరించిన నియమాల ప్రకారం ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగిన గరిష్ఠ రుసుము అప్పట్లో 20,000 రూపాయలుగా ఉండేది. కువైట్ ప్రభుత్వ ఆసుపత్రుల ఉద్యోగాలకు 2015 నాటికి ఏజెంట్లు ఒక్కొక్కరి నుంచి దాదాపు 20 లక్షలు గుంజుతున్నట్లు దర్యాప్తుల్లో బయటపడింది. నిర్ణీత రుసుముకు అది దరిదాపు నూరింతలు.

ఈ అప్పు ఎంత బరువైనదో అంతకు ముందు ఏడాదే దేశం చూసింది. 2014 జూన్‌లో ఇరాక్‌లోని టిక్రిత్ ఆసుపత్రిలో 46 మంది భారతీయ నర్సులు యుద్ధం మధ్య చిక్కుకున్నారు. తిరిగి రమ్మన్నప్పుడు వారిలో కొందరు తొలుత వెనుకాడారు. నెలల జీతం బకాయి ఉంది, ఇంటి దగ్గర ఏజెంటుకు కట్టిన అప్పు ఉంది. జులై 5న వారు క్షేమంగా కొచ్చి చేరారు. ఈ ఉదంతంపై 2017లో 'టేక్ ఆఫ్' అనే మలయాళ చలనచిత్రం వచ్చింది. బాంబుల కింద నిలబడి కూడా అప్పు లెక్క వేసుకోవలసి రావడాన్ని ధైర్యంగానో మొండితనంగానో వర్ణించడం సులభం. అది వృత్తివలస ఆర్థిక నిర్మాణంలోని భాగం.

2015 ఏప్రిల్ 30 నుంచి వలస అనుమతి అవసరమైన 18 దేశాలకు వెళ్ళే నర్సులందరికీ, పట్టభద్రులైనా సరే, అనుమతి తప్పనిసరి అయింది. నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలన్నారు. తొలి ఆదేశంలో పేర్కొన్న నోర్కా రూట్స్, ఒడెపెక్ రెండూ కేరళవే. కొత్త విధానంలోనూ ఆంధ్ర, తెలంగాణ నర్సులు మొదట పొరుగు రాష్ట్రపు గడప తొక్కవలసి వచ్చింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ ఓంక్యాప్, తెలంగాణ టామ్‌కామ్ అనుమతి పొందిన సంస్థల జాబితాలో చేరాయి.

7. మళ్ళీ జర్మనీ:

ఐదు దశాబ్దాల తర్వాత జర్మనీ మరలా భారతీయ నర్సు కోసం వచ్చింది. 2020 మార్చి 1 నుంచి అమలైన నైపుణ్య వలస చట్టం ఐరోపా వెలుపలివారికి దారి సుగమం చేసింది. 2021 డిసెంబరులో 'ట్రిపుల్ విన్' కార్యక్రమం కింద కేరళతో ఒప్పందం కుదిరింది. తెలంగాణ సైతం తర్వాత అందులో చేరింది. అభ్యర్థి నుంచి నియామక రుసుము తీసుకోకపోవడం, భాషాశిక్షణ వ్యయాన్ని యజమాని భరించడం ఈ ఏర్పాటులో చెప్పుకోదగిన మార్పు. ఏజెంటు రాజ్యంతో పోలిస్తే ఇది ముందడుగే.

అయితే 1960ల నాటి యువతికి అక్కడే శిక్షణ దొరికింది. నేటి నర్సు నాలుగేళ్ళ భారతీయ పట్టా, ఆసుపత్రి అనుభవం, నెలల తరబడి నేర్చిన జర్మన్ భాషతో వెళుతోంది. ఆ పట్టాను జర్మన్ అర్హతతో సరిపోల్చి, లోటున్నచోట అదనపు శిక్షణనో జ్ఞానపరీక్షనో విధించి, పూర్తి నర్సుగా గుర్తించడానికి పట్టే కాలం ఆమె చేరిన రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆ గుర్తింపు పత్రం చేతికి వచ్చేదాకా ఆమెది సహాయకురాలి హోదా, సహాయకురాలి జీతం.